ఆకుల్లో దొరికిన పాదరసం గాలిదా, నేలదా? ఎలా తేల్చాలి?

కిరణజన్య:
అందరికీ నమస్కారం. మామూలు చోట్ల ఆకురాల్చే చెట్లలో సీజన్ చివరికి గ్రాము పొడి ఆకుకు 20–40 నానోగ్రాముల పాదరసం ఉంటుంది. పాత పాదరసం గని పక్కన అదే జాతి చెట్టుకు 180 వచ్చిందనుకుందాం. అక్కడ నేలలోనూ పాదరసం ఎక్కువే. అది వేళ్ల నుంచి ఎక్కిందా, గాలి నుంచి వచ్చిందా, ఆకు మీద పడ్డ దుమ్మా? తేల్చాలంటే నమూనాలు ఎలా తీయాలి? కడగాలా వద్దా? ఎంత వేడిలో ఆరబెట్టాలి?

మూలకం80:
ముందు అది లోపలికి ఎలా పోతుందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. గాలిలోని పాదరసంలో 90 శాతానికి పైగా మూలక రూపంలోని ఆవిరే. నీళ్లలో పెద్దగా కరగదు కాబట్టి వానకు తేలిగ్గా కిందికి రాదు, నెలల తరబడి గాలిలోనే తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ కోసం పత్రరంధ్రాలు తెరుచుకుంటే ఈ ఆవిరీ దాంతోపాటే దూరుతుంది. లోపల ఆక్సీకరణం చెంది అయాన్ అవుతుంది, కాటలేజ్ ఎంజైముకు ఇందులో పాత్ర ఉంది. అయాన్ అయ్యాక ఆకు కణాల్లో ఉండే సిస్టీన్, గ్లూటాథయోన్ లాంటి పదార్థాల్లోని సల్ఫర్ దాన్ని గట్టిగా పట్టేస్తుంది. ఆ తర్వాత బయటికి పోవడం కష్టం. అందుకే ఆకు ముదిరేకొద్దీ అంకె పెరుగుతూ పోతుంది. పైన్ చెట్లలో ఈ ఏటి సూదుల కంటే నిరుడువి, వాటికంటే ముందటేడువి ఎక్కువ చూపిస్తాయి.

వేళ్లు కూడా పాదరసాన్ని తీసుకుంటాయి, కాదనను. కానీ దాదాపు అంతా వేళ్ల కణగోడల దగ్గరే ఇరుక్కుపోతుంది, ఆకు దాకా చేరేది చాలా తక్కువ. ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలు) కొలతలూ ఇదే చెబుతాయి. గాలిలోని ఆవిరితో పోలిస్తే ఆకులో తేలిక ఐసోటోపుల వాటా ఎక్కువ, తేడా వెయ్యికి మూడు వంతుల దరిదాపుల్లో ఉంటుంది; ఆకు ఆవిరిని పీల్చుకున్నప్పుడు మిగిలే గుర్తు అదే. కాబట్టి నేలలో ఎక్కువుంది గనక ఆకులోది నేలదే అనేయడం తొందరపాటు.

పొడిఆకు:
పై జవాబుకు ఒక మెలిక. గని దగ్గరి నేల ఊరికే ఉండదు. ఎండ తగిలితే పాదరసం ఆవిరిగా పైకి లేస్తుంది, దాన్ని పైనున్న ఆకులు పీలుస్తాయి. మూలం నేలే, దారి మాత్రం గాలి. రెండింటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

విడదీయాలంటే కుండీల పరీక్ష పెట్టండి. ఒకే జాతి, ఒకే వయసు మొక్కలు. శుభ్రమైన మట్టి, గని మట్టి; శుభ్రమైన గాలి, గని గాలి. ఈ నాలుగు జతల్లో ఒక్కోదానికి కనీసం ఐదేసి కుండీలు. గని మట్టి కుండీల పైభాగాన్ని కాండం చుట్టూ బాగా బిగించి మూసేయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మూయకపోతే మట్టిలోంచి లేచిన ఆవిరిని అదే కుండీ ఆకులు పీల్చేస్తాయి, మీరేమో వేళ్ల ఖాతాలో రాసేస్తారు. మూతకు మామూలు పాలిథీన్ కవరు చాలదు, పాదరసం ఆవిరి దానిగుండా మెల్లగా కారుతుంది.

దుమ్ము సంగతి తేల్చడానికి అదే ఆకు పొడిలో అల్యూమినియం, టైటానియం కూడా కొలిపించండి. ఈ రెండూ మట్టిలో దండిగా ఉంటాయి, మొక్క లోపలికి పెద్దగా పోవు. పాదరసం ఎక్కువున్న నమూనాల్లోనే ఇవీ ఎక్కువుంటే దుమ్మును అనుమానించాలి.

త్రాసు:
నమూనాల పని చెబుతాను.

ఆకు విచ్చుకున్న రోజునే కొమ్మకు ట్యాగు కట్టండి. వయసు తెలియని ఆకుల్ని పోల్చడం దండగ. ఎత్తు, దిక్కు అన్ని చెట్లకూ ఒకేలా ఉండాలి, ఎందుకంటే ఎండ తగిలే పై ఆకులు మందంగా ఉంటాయి, నీడ ఆకులు పల్చగా ఉంటాయి, గ్రాము లెక్క మారిపోతుంది. ఆకు వైశాల్యం కూడా కొలిచి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది. పొడి లేని గ్లవుజులు వాడండి.

కడగడం: ఒక్కో నమూనాను రెండు భాగాలు చేసి, ఒకటి డిస్టిల్డ్ వాటర్‌లో అర నిమిషం జాడించండి, రెండోది అలాగే ఉంచండి. లోపలి పాదరసం నీళ్లకు రాదు, కాబట్టి తేడా వస్తే అది పైన అంటుకున్నది. ఆసిడ్, అసిటోన్ జోలికి పోవద్దు; ఆసిడ్ లోపలిదాన్నీ లాగేయవచ్చు, అసిటోన్‌కు పైనున్న మైనపు పొర కరగవచ్చు, అప్పుడు లోపలిదీ బయటిదీ కలిసిపోతాయి.

ఆరబెట్టడం: ఫ్రీజ్ డ్రయ్యర్ (గడ్డకట్టించి తేమ లాగే యంత్రం) ఉంటే అదే. లేకపోతే 40 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా. ఆకులకు అలవాటుగా పెట్టే 105 డిగ్రీలు ఇక్కడ పనికిరావు, పాదరసం కొంత ఎగిరిపోవచ్చు. గని మట్టి, ఆకులు ఒకే ఓవెన్‌లో అస్సలు పెట్టకండి. ఎండిన ఆకు ఆ మట్టి ఆవిరిని పీల్చేసుకుంటుంది. ఎప్పుడో థర్మామీటరు పగిలిన గదిలో నమూనాలు దాచినా ఇదే గతి.

కొలత: నమూనాను కాల్చి, ఆవిరిని బంగారం మీద పట్టి, 253.7 నానోమీటర్ల దగ్గర శోషణ చూసే యంత్రం అయితే ఆసిడ్‌లో కరిగించే పనే లేదు. 50 మిల్లీగ్రాముల పొడి చాలు. గ్రాముకు 40 నానోగ్రాములున్న ఆకైతే అందులో 2 నానోగ్రాములు, యంత్రం హాయిగా చదువుతుంది. మట్టి నమూనా నడిపిన వెంటనే ఆకు పెడితే పాత పాదరసం మిగిలి దొంగ అంకె వస్తుంది. మధ్యలో ఖాళీ పడవలు (నమూనా పెట్టే చిన్న గిన్నెలు) నడపండి, సున్నా దగ్గరికి వచ్చేదాకా. ప్రతి పది నమూనాలకు ఒక రిఫరెన్స్ ఆకు పొడి, అంటే పాదరసం ఎంతుందో ముందే తేల్చిన పొడి, పెట్టండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ అమ్మే ఆపిల్ ఆకుల పొడి, నంబరు 1515, సరిపోతుంది, అందులో గ్రాముకు 43–44 నానోగ్రాములు.

కిరణజన్య:
చాలా ఉపయోగం, ధన్యవాదాలండీ. ఇంకొక్కటి. ఆకు ఇంతగా పట్టేస్తుందంటే గని చుట్టూ చెట్లు నాటితే గాలి శుభ్రపడుతుందా?

మూలకం80:
లెక్క వేద్దాం. మామూలు గాలిలో ఘనపు మీటరుకు 1.5 నానోగ్రాములు అనుకోండి. గ్రాము ఆకు 30 నానోగ్రాములు పోగుచేయాలంటే 20 ఘనపు మీటర్ల గాలిలోని పాదరసమంతా తీసుకోవాలి. గ్రాము ఆకుకు అది గొప్పే. కానీ 10 కిలోల పొడి ఆకున్న చెట్టు సీజన్ మొత్తానికి పట్టేది 0.3 మిల్లీగ్రాములు. ఒక సీఎఫ్‌ఎల్ బల్బులో మూడు నాలుగు మిల్లీగ్రాములు ఉంటాయి. బంగారం కోసం బంగారం–పాదరసం మిశ్రమాన్ని బహిరంగంగా కాల్చేచోట గాలిలోకి పోయేది గ్రాముల్లో, కిలోల్లో. ఆపాల్సింది అక్కడ.

పైగా ఆకులో చేరిందంతా అక్కడే ఉండదు, ఎండకు కొంత మళ్లీ మూలకంగా మారి తిరిగి ఎగిరిపోతుంది. మీ యంత్రం చూపేది నికరం. గాలి బాగా పొడిగా ఉండి పత్రరంధ్రాలు ముడుచుకునే రోజుల్లో పీల్చడమే తగ్గుతుంది, అందుకే రెండేళ్ల అంకెలు పోల్చేటప్పుడు వాతావరణం చూడకుండా గాలి బాగుపడిందనకండి.

పొడిఆకు:
ఆకులో మిగిలిన పాదరసం రాలుటాకులతో నేలకు దిగుతుంది. అడవి నేలకు పాదరసం చేరే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి, వానతో వచ్చేదానికంటే చాలాచోట్ల ఎక్కువ. పెరూలోని మాద్రె దె దియోస్‌లో బంగారం తవ్వకాల పక్కనున్న దట్టమైన అడవిలో దీన్ని కొలిచి 2022లో ప్రచురించారు. మంటలొస్తే అందులో చాలా భాగం మళ్లీ గాలిలోకే.

మీ గని పక్కన వరి మడులుంటే జాగ్రత్త. ఆకులోని పాదరసం చాలావరకు గాలిది, కానీ గింజలో చేరే మిథైల్ పాదరసం (పాదరసానికి ఇంకా విషపూరితమైన రూపం) నీళ్లు నిలిచిన బురదలో బ్యాక్టీరియా తయారుచేసేది, వేళ్ల గుండా వస్తుంది. ఆకు అంకె చూసి గింజ సంగతి చెప్పలేం. గింజను విడిగా పంపండి, మొత్తం పాదరసంతో పాటు మిథైల్ పాదరసం కూడా కొలవమని రాయండి.