బెయిల్ వచ్చినా జైల్లోనే: విచారణ ఖైదీల ఖర్చును ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న: డిగ్రీ_మాస్టారు

నేను ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. జైళ్ల వ్యయంపై సెమినార్ పత్రం తయారుచేయమని చివరి సంవత్సరం విద్యార్థులకు చెప్పగా, వారు జాతీయ నేర గణాంకాల సంస్థ వారి 2022 జైలు గణాంకాలు తెచ్చారు. దేశంలోని జైళ్లలో ఉన్న దాదాపు 5,73,000 మందిలో సుమారు 4,34,000 మంది విచారణ ఖైదీలే, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్ష పడలేదు. మొత్తం జైళ్ల సామర్థ్యం 4,36,000 వరకు ఉంది కాబట్టి, శిక్ష పడినవారు ఒక్కరూ లేకపోయినా విచారణ ఖైదీలతోనే అవి దాదాపు నిండిపోతాయి.

విద్యార్థులు తిండి, సిబ్బంది జీతాలు, కట్టడాల నిర్వహణ కలిపి తలకు ఇంత అని తేల్చారు. లెక్క తప్పు లేదు గాని, సగం పద్దు రాయకుండా వదిలేశారని నాకు అనిపిస్తోంది. ఆ మిగతా సగంలో ఏమేమి చేర్చాలి? బెయిల్ మంజూరైన తరువాత కూడా మనుషులు లోపలే ఎందుకు ఉండిపోతున్నారు? కోర్టు, జైలు వ్యవహారాలు దగ్గరగా చూసినవారు చెబితే మేలు.

జవాబు: కోర్టు_వరండా

మాస్టారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిది దానంతట అదే తేలుతుంది. నేను జిల్లా కోర్టులో ఉచిత న్యాయ సహాయ ప్యానెల్ న్యాయవాదిని. పేరు, ఊరు చెప్పకుండా ఒక కేసు వివరిస్తాను.

రాగి తీగల దొంగతనం కేసులో ఒక ఆటో డ్రైవరును రిమాండ్ చేశారు. పద్దెనిమిదో రోజున బెయిల్ వచ్చింది. షరతు ఏమిటంటే, ఒక్కొక్కరు 20,000 రూపాయల చొప్పున ఇద్దరు స్థానిక జామీనుదారులు పూచీ పడాలి. అతని భార్య ముందు తన అన్న పాసుపుస్తకం తెచ్చింది. దానిపై సొసైటీలో పంట రుణం ఉన్నందున అది పనికిరాలేదు. తరువాత పక్కింటాయన ఇంటి పన్ను రసీదు తెచ్చింది, ఇల్లు తండ్రి పేరున ఉంది కాబట్టి అదీ చెల్లలేదు. మూడోసారి మరో జిల్లాలో ఉన్న పినతండ్రిని ఒప్పించి తీసుకువస్తే, స్థానికుడు కాడని తిప్పి పంపారు. ఆమె కాగితాలన్నీ బియ్యం సంచిలో చుట్టుకుని మా వరండాలో కూర్చునేది. చివరికి పూచీకత్తు సరిపడేసరికి నాలుగు నెలలు దాటింది.

ఇప్పుడు ఖర్చు చూడండి. మూడు కిస్తీలు కట్టకపోయేసరికి ఫైనాన్స్ వారు ఆటో లాక్కుపోయారు. ములాఖత్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆమెకు ఒక రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీలు, లోపల క్యాంటీన్ ఖాతాలో వేసే 500 రూపాయలు అదనం. తొమ్మిదో తరగతి చదువుతున్న పెద్ద కొడుకు మెకానిక్ షెడ్డులో చేరాడు. కోర్టు పెట్టిన వెల ఒక్కో పూచీకి 20,000 అయితే ఆ ఇల్లు దానికి ఎన్నో రెట్లు కట్టింది. ఇందులో ఒక్క రూపాయి కూడా జైళ్ల శాఖ బడ్జెట్‌లో కనిపించదు.

ఇది కొత్త సంగతి కాదు. 1978లో మోతీరాం అనే మేస్త్రీ కేసులో, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ పూచీని నిరాకరిస్తే, జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుపట్టారు. ఒక తమిళుడో, తెలుగువాడో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారులను ఎక్కడి నుంచి తేగలడని ఆ తీర్పులోనే అడిగారు. ఆ ప్రశ్న ఇప్పుడు మన వైపు తిరిగింది. జవ్వాదు కొండల నుంచి ఎర్రచందనం నరకడానికి వచ్చి రాయలసీమలో పట్టుబడే తమిళ కూలీలకు ఇక్కడ ఎవరు పూచీ పడతారు?

జవాబు: పాత_వార్డరు

వకీలు గారు బయటి ఖర్చు చెప్పారు కాబట్టి, జైళ్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిగా లోపలి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రిమాండ్ ఖైదీకి పని అప్పగించరు. శిక్ష పడినవాడు నేతలోనో, వడ్రంగంలోనో చేరి నాలుగు రూపాయలు సంపాదిస్తాడు, రిమాండ్‌లో ఉన్నవాడు మాత్రం పొద్దస్తమానం బ్యారక్‌లో కూర్చుంటాడు. ఎస్కార్ట్ పోలీసులు దొరకక వాయిదాకు వెళ్లలేని రోజులుంటాయి, ఆ వాయిదాతో పాటు కేసూ వెనక్కి పోతుంది. మొదటిసారి వచ్చిన పిల్లవాడిని ఆరితేరినవాళ్ల పక్కన నెలల తరబడి పడుకోబెడితే వాడు ఏం నేర్చుకుని వెళతాడో దాని ఖరీదు మీ విద్యార్థులు ఎలా కడతారో నాకు తెలియదు.

అయితే అందరినీ అమాయకులని అనుకోవద్దు. బెయిల్‌పై వెళ్లి వాయిదాలకు ముఖం చూపనివారినీ, సాక్షులను బెదిరించినవారినీ నేను చూశాను. ఫిర్యాదు చేసినవాడికీ ఒక ఇల్లు, ఒక నష్టం ఉంటాయి, ఆ పద్దూ మరచిపోకండి. ఇంకొక విచిత్రం: జైల్లో ఉన్న విచారణ ఖైదీ ఎన్నికల్లో పోటీ చేయవచ్చు గాని ఓటు వేయకూడదు. ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్ అలాగే ఉంది మరి.

జవాబు: ఎడిసన్_నుంచి

పాత వార్డరు గారి ఆందోళనకు మా న్యూజెర్సీ అనుభవం కొంత జవాబు చెబుతుంది. 2017 జనవరి నుంచి ఇక్కడ డబ్బు కట్టించుకునే బెయిల్‌ను దాదాపుగా మానేశారు. నిందితుడు పారిపోతాడా, ప్రమాదకరమా అన్నది అంచనా వేసి, అలాంటివారినే, ఆ విషయంపై వాదనలు విన్నాక, లోపల ఉంచుతారు. కొద్ది ఏళ్లలోనే విచారణకు ముందు జైల్లో ఉండేవారి సంఖ్య బాగా తగ్గింది.

నది దాటితే న్యూయార్క్. అక్కడ 2010లో కలీఫ్ బ్రౌడర్ అనే 16 ఏళ్ల కుర్రవాడు సంచి దొంగిలించాడన్న ఆరోపణపై, 3,000 డాలర్ల బెయిల్ కట్టలేక దాదాపు మూడేళ్లు రైకర్స్ జైల్లో ఉన్నాడు. విచారణ జరగనే లేదు, చివరికి కేసు కొట్టేశారు. విడుదలైన రెండేళ్లకు, 2015లో, ప్రాణం తీసుకున్నాడు. 2021లో ఆ నగర జైళ్లలో ఒక్కో ఖైదీపై ఏడాదికి 5,56,000 డాలర్లకు పైగా ఖర్చయిందని నగర ఆడిట్ అధికారే లెక్క తేల్చారు. మూడు వేల పూచీ కోసం లక్షలు పోసే ఈ లెక్కను మీ సెమినార్‌లో ఒక పక్కన పెట్టి చూపండి.

ప్రశ్నించినవారు: డిగ్రీ_మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పేద ఖైదీల బెయిల్ కోసం 40,000 రూపాయల వరకు ఇచ్చేలా కేంద్ర పథకం 2023లో వచ్చింది కదా, ఆటో డ్రైవరు లాంటివారికి అది సరిపోదా?

జవాబు: కోర్టు_వరండా

సరిపోవాలి గాని చిక్కు వేరే చోట ఉంది. ఆ పథకం డబ్బు ఇస్తుంది, మన కోర్టులు అడిగేది ఆస్తి ఉన్న మనిషిని. పూచీకి బదులు నగదు జమ చేయనివ్వమని ఎవరైనా పిటిషన్ వేస్తే తప్ప ఆ డబ్బుకు దారి దొరకదు. గంజాయి కేసులకు పథకమే వర్తించదు, కాబట్టి ఏజెన్సీ నుంచి మూటలు మోసి దొరికిన గిరిజన యువకులు దాని బయటే ఉంటారు.

మీ విద్యార్థులకు ఒక దారి చెబుతాను. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంట్ ఆ సంగతిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల గడిచినా పూచీ దొరకకపోతే షరతు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చు. కాబట్టి బెయిల్ తేదీ, విడుదల తేదీ రెండూ ఎక్కడో నమోదై ఉంటాయి. పేర్లు లేకుండా ఆ రెండు కాలమ్‌లు మాత్రమే సమాచార హక్కు కింద అడగండి.

ప్రశ్నించినవారు: డిగ్రీ_మాస్టారు

దరఖాస్తు సోమవారం వేస్తున్నాము. పట్టికలో ములాఖత్ రోజుల కూలి, వాహనం కిస్తీ, బడి మానిన పిల్లలు అనే మూడు కాలమ్‌లు పిల్లలే చేర్చారు. ఫిర్యాదుదారు నష్టానికి నాలుగోది పెట్టించాను, అది పాత వార్డరు గారి మాట.