హాబీ సీఎన్‌సీకి తక్కువ ఖర్చులో దొరికే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లలో దేనిని ఎంచుకోవాలి?

ప్రశ్న

నా దగ్గర 300 × 180 మిల్లీమీటర్ల పని విస్తీర్ణం గల చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాల ప్రకారం కదిలి కోసే యంత్రం) ఉంది. దాని కంట్రోలర్ బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 (యంత్రాన్ని కదిలించే ప్రోగ్రామ్) నడుస్తోంది. ఇంతవరకు ఇతరులు తయారుచేసి ఇచ్చిన జీ-కోడ్ ఫైళ్లనే (యంత్రానికి కదలికలు చెప్పే ఆదేశాలనే) నడిపాను, ఇకమీదట డ్రాయింగును జీ-కోడ్‌గా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్‌తో నా సొంత డ్రాయింగులను కోయాలని ఉంది. చేయదలచిన పనులలో ఎక్కువ భాగం చెక్క మీద వీ-బిట్‌తో (కోసుగా ఉండే కట్టర్‌తో) అక్షరాలు చెక్కడం, పెట్టెలకు కావలసిన ప్లైవుడ్ పలకలను కోయడం. అప్పుడప్పుడు పలుచని అల్యూమినియం రేకు మీద కూడా ప్రయత్నించాలనుకుంటున్నాను. డ్రాయింగులు ఇంక్‌స్కేప్‌లో గీస్తాను. ల్యాప్‌టాప్ పాతది, అందులో విండోస్ ఉంది, యంత్రం ఉన్న గదిలో ఇంటర్నెట్ లేదు. చేసినవేవీ అమ్మను కాబట్టి నెలనెలా చందా కట్టడం నాకు సమంజసంగా తోచడం లేదు. ఒక్కసారి కొనుక్కునేదైతే కొంత ఖర్చు భరించగలను. ఉచితంగా దొరికేవాటితో నేర్చుకోవడం మేలా, లేక మొదటే ఒకటి కొనుక్కోవడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

ధర సంగతి చూడక ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీ పని 2.5డితోనే ముగుస్తుందా, 3డి దాకా వెళుతుందా అన్నది మొదటిది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మీ కంట్రోలర్‌కు సరిపోయే పోస్ట్ ప్రాసెసర్ (జీ-కోడ్‌ను ఆ కంట్రోలర్‌కు అర్థమయ్యేలా రాసే భాగం) ఉందా అన్నది రెండవది. పలకలు కోయడం, గుంటలు తీయడం, రంధ్రాలు వేయడం అన్నీ 2.5డి పనులే, అంటే కట్టర్ ఒక లోతుకు దిగి ఆ లోతులోనే అటూ ఇటూ తిరుగుతుంది. వీ-కార్వింగ్ (వీ-బిట్‌తో చెక్కడం) మాత్రం ఇంతకన్నా కొంచెం చిక్కైనది, ఎందుకంటే అక్షరపు గీత వెడల్పు మారిన చోటల్లా బిట్ లోతు కూడా మారాలి. 60 డిగ్రీల బిట్‌తో 6 మిల్లీమీటర్ల వెడల్పు గీత రావాలంటే సుమారు 5.2 మిల్లీమీటర్ల లోతుకు దిగాలి. 90 డిగ్రీల బిట్ అయితే 3 మిల్లీమీటర్లు చాలు. మన తెలుగు అక్షరాలలో వంపులు ఎక్కువ, లావైన ఫాంటు తీసుకుంటే గీత వెడల్పు ఒకే అక్షరంలో చాలాసార్లు మారుతుంది. అందువల్ల వీ-కార్వింగ్ ఉందా అని మాత్రమే కాక, గరిష్ఠ లోతుకు హద్దు పెట్టే వీలుందా అని కూడా చూడాలి.

ఉచితమైనవాటిలో నేను మీకు ఫ్రీక్యాడ్ సూచిస్తాను. అది ఓపెన్ సోర్స్, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది, పని పరిమాణానికి హద్దు లేదు, మీరు అమ్ముకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి అందులోని పాత్ విభాగానికి క్యామ్ అని పేరు మార్చారు, కాబట్టి పాత పాఠాలు చదివేటప్పుడు తికమకపడకండి. ప్రొఫైల్ (అంచు వెంట కోత), పాకెట్ (గుంట తీయడం), అడాప్టివ్ (కట్టర్‌పై భారం సమంగా ఉండే కోత), వీ-కార్వ్ అన్నీ అందులో ఉన్నాయి. అయితే అలవాటు కావడానికి ఓపిక కావాలి. మొదటి రెండు వారాలు చాలా విసుగు కలిగిస్తుంది.

ఫ్యూజన్ అనే మరో డిజైన్, క్యామ్ సాఫ్ట్‌వేర్ వ్యక్తిగత లైసెన్స్ ఉచితమే, టూల్‌పాత్‌ల (కట్టర్ తిరిగే దారుల) నాణ్యత కూడా చాలా బాగుంటుంది. కానీ 2020లో దానికి పరిమితులు పెట్టారు: కోత లేని జీ0 కదలికలు కూడా ఫీడ్ వేగంతోనే (కోసేటప్పటి వేగంతోనే) సాగుతాయి, ఒకే ఫైలులో ఒకటికి మించి టూళ్లు రావు. మీ యంత్రం గరిష్ఠ వేగమే తక్కువ కాబట్టి మొదటి పరిమితి వల్ల మీకు పెద్దగా నష్టం ఉండదు. మీకు అసలు అడ్డంకి పాత ల్యాప్‌టాప్, లాగిన్ కోసం కావలసిన ఇంటర్నెట్.

సమాధానం 2

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఇంక్‌స్కేప్‌లో గీసిన ఎస్‌వీజీని తెచ్చి, ఏ గీత లోపల కోయాలో ఏ గీత బయట కోయాలో చెప్పి జీ-కోడ్ తీసుకోవడమే ఈ మిత్రుని అవసరం. అంతమాత్రానికి ఒక పూర్తిస్థాయి 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే ఉత్సాహం మధ్యలోనే సన్నగిల్లుతుంది. నాకు అదే జరిగింది, ఆ రోజులలో యంత్రం మూడు నెలలు దుమ్ము పట్టి ఉంది.

ఎస్ట్‌ల్‌క్యామ్ ఒక్కసారి కొనుక్కునేది, ధర తక్కువ, సరిగ్గా ఇలాంటి పనులకోసమే తయారైనది. డబ్బు కట్టకుండానే అన్ని సదుపాయాలతో వాడి చూడవచ్చు. ఫైలు దాచే ప్రతిసారీ కొంతసేపు ఆగవలసి వస్తుందన్నదే తేడా. క్యామ్‌బామ్‌ను కూడా 40 సార్లు పూర్తి సదుపాయాలతో తెరిచి చూడవచ్చు. అక్షరాల చెక్కడమే మీకు ప్రధానమైతే, ఖర్చు ఎక్కువైనా వీకార్వ్ డెస్క్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి పరిశీలించండి. దానికి ఉన్న 25 అంగుళాల పని పరిమాణపు హద్దు మీ యంత్రానికి ఎన్నటికీ అడ్డురాదు. దాని ట్రయల్‌లో సొంత పనికి జీ-కోడ్ తీసుకోలేరు గానీ, మీ అక్షరాలను తెచ్చుకుని ప్రివ్యూలో చూసుకోవచ్చు.

సమాధానం 3

పోస్ట్ ప్రాసెసర్ గురించి నేను మరికొంత చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. జీఆర్‌బీఎల్‌కు జీ81 వంటి డ్రిల్లింగ్ సైకిళ్లు (రంధ్రం వేసే కదలికలన్నిటినీ ఒకే వరుసలో చెప్పే ఆదేశాలు) అర్థం కావు, టూలు మార్చే ఎం6 కూడా చెల్లదు. అటువంటి వరుస రాగానే 20వ నంబరు ఎర్రర్ చూపుతుంది. నేను మొదట్లో మాక్3 అనే వేరే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ను ఎంచుకుని, తప్పు యంత్రానిదేనని ఒక ఆదివారమంతా వైర్లు విప్పి బిగించాను. ఫ్రీక్యాడ్‌లోని జీఆర్‌బీఎల్ పోస్ట్‌కు, డ్రిల్లింగ్ సైకిల్‌ను మామూలు జీ0, జీ1 కదలికలుగా విడగొట్టే ఆప్షన్ ఉంది. రంధ్రాలు ఉన్న పనికి దానిని తప్పక ఆన్ చేయండి.

అల్యూమినియం విషయంలో సాఫ్ట్‌వేర్ తానుగా ఇచ్చే ఫీడ్ విలువలను నమ్మవద్దు, అవి చాలావరకు బరువైన యంత్రాలను ఉద్దేశించినవి. స్పిండిల్ నిమిషానికి 10,000 సార్లు తిరుగుతూ, ఒకే పంటి కట్టర్ పంటికి 0.03 మిల్లీమీటర్ల చొప్పున కోస్తే ఫీడ్ నిమిషానికి 300 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు పళ్ల కట్టర్ అయితే 600 కావాలి. చిన్న ఫ్రేమ్ వణుకుతుందని ఫీడ్ బాగా తగ్గిస్తే పన్ను లోహాన్ని కోయక రాస్తుంది, వేడెక్కుతుంది, చివరకు లోహం కట్టర్‌కే అంటుకుంటుంది. అందుకే ఒకే పంటి కట్టర్ తీసుకుని, ఫీడ్ జోలికి వెళ్లకుండా ఒక్కో పాస్ (ఒక్కో విడత కోత) లోతును తగ్గించండి. ఈ పనిలో అడాప్టివ్ టూల్‌పాత్ చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే కట్టర్ పూర్తి వెడల్పుతో లోహంలో ఇరుక్కోకుండా కొద్దికొద్దిగా, ఒకే రకమైన భారంతో కోస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ప్రకారం నాలుగు అక్షరాలు, ఒక గుంట, రెండు రంధ్రాలు ఉన్న ఒకే డ్రాయింగును ఎస్ట్‌ల్‌క్యామ్‌లోనూ ఫ్రీక్యాడ్‌లోనూ వేసి చూశాను. మొదటిదానిలో గంటలోపే జీ-కోడ్ చేతికి వచ్చింది; రెండవదానిలో రెండు సాయంత్రాలు పట్టింది, జీ81 సంగతి ముందే తెలియడం వల్ల ఎర్రర్ మాత్రం రాలేదు. రెండు ఫైళ్లనూ క్యామోటిక్స్ అనే ప్రోగ్రామ్‌లో సిమ్యులేట్ చేశాక, జెడ్ సున్నాను (ఎత్తును కొలిచే మొదటి బిందువును) చెక్క పైన 10 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టి గాలిలో నడిపాను. చెక్క పనులకు ఎస్ట్‌ల్‌క్యామ్ కొనాలని నిశ్చయించుకున్నాను, అల్యూమినియం కోసం ఫ్రీక్యాడ్‌ను నెమ్మదిగా నేర్చుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది: ప్లైవుడ్ పలక చివరి పాస్‌లో ఊడి కట్టర్‌కు తగలకుండా ఎన్ని ట్యాబ్‌లు (పలకను పట్టి ఉంచేందుకు కోయకుండా వదిలే చిన్న ముక్కలు) పెట్టాలి?

సమాధానం 2 ఇచ్చినవారు

అరచేతి అంత పలకకు నాలుగు చాలు. ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉంచండి. వాటిని మూలల దగ్గర కాక తిన్నని అంచుల మీద పెడితే, తరువాత ఉలితో కోసి నునుపు చేయడం తేలిక.