'స్టన్నింగ్ అప్‌సెట్': గెలిచినాయన అప్‌సెట్ కావడమేంది?

నల్గొండ నుంచి, పోస్టు పెట్టిన సారు:

డిగ్రీ పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లిష్ చెప్తుంటాను. గ్రామర్ పుస్తకం తెరిస్తే ఆవులింతలు మొదలవుతాయి కాబట్టి పాత వార్తలు చదివిస్తాను. ఈసారి 2016 అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫలితం పట్టుకున్నాం. దాదాపు అందరూ హిల్లరీ క్లింటన్ అనుకుంటే డొనాల్డ్ ట్రంప్ గెలిచిన సంగతి పిల్లలకు ముందే తెలుసు. కథ తెలిసిన వార్తయితే మాటిమాటికీ డిక్షనరీ జోలికి పోకుండా చదువుకుంటూ పోవచ్చు, అదీ నా లెక్క.

అప్పటి ఇంగ్లిష్ వార్తల్లో తరచుగా కనిపించే జంట 'స్టన్నింగ్ అప్‌సెట్'. అక్కడికి రాగానే ఒక అమ్మాయి, "సార్, ఓడిపోయినామె అప్‌సెట్ కావాలె గానీ గెలిచినాయన ఎందుకు అప్‌సెట్ అయిండు?" అంది. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర అప్‌సెట్ అంటే మూడ్ పాడవడం, లేదంటే కడుపులో తేడా చేయడం. ఈ వార్తల్లోది మూడో అర్థం, గెలుస్తారనుకున్నవాళ్లు ఊహించని విధంగా ఓడిపోవడం. దీనికి తెలుగులో ఏం వాడదాం? పత్రికలు 'సంచలన విజయం' అంటాయి. నాకది ఆనడం లేదు. భారీ మెజారిటీ వచ్చినా సంచలనమే, సినిమా హిట్టయినా సంచలనమే. గెలుస్తాడనుకున్నవాడు ఓడిపోయాడన్న సంగతి ఆ మాటలో ఎక్కడుంది?

దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ:

సార్, 'తలకిందులు' ఉండగా వేరే మాట ఎందుకు? అప్‌సెట్‌కు బోర్లా పడేయడమన్న అర్థం కూడా ఉంది. కాలు తగిలి బిందె ఒరిగిపోయినా ఇంగ్లిష్‌లో అప్‌సెట్టే. 'అంచనాలు తలకిందులయ్యాయి' అని మనవాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. కాకపోతే ఇంగ్లిష్‌లో మనిషిని కూడా అప్‌సెట్ చేయొచ్చు, అంటే ఊహించని విధంగా ఓడించడం. మనం మనిషిని తలకిందులు చేయం, కంగు తినిపిస్తాం. 'హిల్లరీకి కంగు తినిపించిన ట్రంప్' అంటే సరిపోతుంది కదా.

మహబూబ్‌నగర్ నుంచి:

ఈ మాట వెనక గుర్రం ఉందన్నా. మ్యాన్ ఓ వార్ అని అమెరికాలో ఒక రేసు గుర్రం. ఓటమి ఎరగదు. 1919 ఆగస్టులో సరటోగా రేసులో దాన్ని ఓడించిన గుర్రం పేరు అప్‌సెట్. అప్పటినుంచి ఊహించని ఓటమికి ఆ పేరు పడిపోయింది.

నల్గొండ సారు:

తమ్ముడూ, గుర్రమూ నిజమే, రేసూ నిజమే. మ్యాన్ ఓ వార్ జీవితం మొత్తంలో ఓడింది ఆ ఒక్క రేసే. కానీ ఈ మాట ఈ అర్థంలో 19వ శతాబ్దపు గుర్రప్పందేల వార్తల్లోనే ఉంది. అంటే మాట ముందు, గుర్రం తర్వాత. పేరు అలా కలిసొచ్చేసరికి కథ అల్లుకుంది. గుర్రం ఎగరావచ్చు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

టీచరమ్మ చెప్పిన 'కంగు తినిపించడం' బాగుంది, రేపు క్లాసులో అదే రాయిస్తా. అయితే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నవి కొత్త పదాలు కావు. 'రిప్యుడియేషన్' లాంటిది ఎదురైతే పిల్లలు ఆగి అడుగుతారు. 'పోల్', 'నామినేషన్', 'టికెట్', 'కన్సెషన్' వస్తే ఎవరూ ఆగరు, తెలుసనుకుంటారు. వాక్యం అక్కడే దారి తప్పుతుంది.

సూర్యాపేట నుంచి:

పోల్‌లో ఏముంది సార్? పోల్ అంటే పోలింగే కదా. ఇంటింటికీ పోల్ చీటీలు పంచుతాం.

నల్గొండ సారు:

సరిగ్గా అక్కడే ఉంది తిరకాసు. 'ద పోల్స్ వర్ రాంగ్' అన్న వాక్యం ఇచ్చి తెలుగులో చెప్పమన్నాను. సగం మంది 'పోలింగ్‌లో గోల్‌మాల్ జరిగింది' అని రాశారు. వాళ్ల తప్పేం లేదు. మన ఇంగ్లిష్ పత్రికల్లో బైపోల్ అంటే ఉప ఎన్నిక, పోల్ ప్యానెల్ అంటే ఎన్నికల సంఘం, పోల్ కోడ్ అంటే ఎన్నికల కోడ్. అమెరికా వార్తలో 'పోల్స్' అంటే ఎక్కువసార్లు సర్వేలు. మళ్లీ అదే వార్తలో కింద 'పోల్స్ క్లోజ్డ్' అని వస్తుంది, అక్కడ మాత్రం ఓటింగ్ ముగిసిందని. పక్కన ఏ క్రియ ఉందో చూసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఆ సర్వేల సంగతి కూడా చెప్పాలి. దేశం మొత్తం మీద హిల్లరీకి మూడు శాతం పైచిలుకు ఆధిక్యం ఉంటుందన్నారు, రెండు శాతం వచ్చింది. ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఆమెకే ఎక్కువ. దెబ్బతిన్నది రాష్ట్రాల లెక్కలో. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ కలిపి 80 వేల లోపు ఓట్ల తేడాతో ట్రంప్ వైపు పోయాయి. అక్కడ అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టర్ల ఓట్లు. వాటిలో ట్రంప్‌కు 304, హిల్లరీకి 227. గెలవాలంటే 270 కావాలి. ఇదంతా బోర్డు మీద వేశాక గానీ 'ఎలక్టోరల్ కాలేజీ' అంటే బిల్డింగూ ప్రిన్సిపాలూ ఉన్న కాలేజీ కాదని ఒకడికి నమ్మకం కుదరలేదు. మన రాష్ట్రపతిని ఎన్నుకునేదీ ఎలక్టోరల్ కాలేజీనే, వీళ్ల పోటీ పరీక్షల పుస్తకాల్లో 'నియోజక గణం' అని ఉంటుంది. రెండూ ఒకటేనని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క:

టికెట్, నామినేషన్ సంగతి కూడా చెప్పండి సార్. మా బాబుకు 'షి వన్ ద నామినేషన్' దగ్గర ఆగిపోయింది. నామినేషన్ వేస్తారు గానీ గెలుస్తారా?

నల్గొండ సారు:

అక్కా, ఇది మరీ తమాషా. మన దగ్గర నామినేషన్ అంటే డప్పులతో ర్యాలీగా పోయి, రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో కాగితాలు పెట్టి, డిపాజిట్ కట్టి రావడం. అమెరికాలో నామినేషన్ అంటే పార్టీ తరఫున అభ్యర్థిగా ఖాయం కావడం. దానికి రాష్ట్రం రాష్ట్రం తిరిగి ప్రైమరీల్లో, అంటే అభ్యర్థిని తేల్చే పార్టీ ఎన్నికల్లో, సొంత పార్టీ వాళ్లతోనే కొట్లాడాలి. అంటే వాళ్ల నామినేషన్ మన 'టికెట్' అన్నమాట. పోనీ వాళ్లకు టికెట్ లేదా అంటే ఉంది, అది ఇంకొకటి. అధ్యక్ష అభ్యర్థి, ఉపాధ్యక్ష అభ్యర్థి ఇద్దరి జోడీని టికెట్ అంటారు. 2016లో ట్రంప్, పెన్స్ ఒక టికెట్. మన ఇంగ్లిష్‌లో 'హి గాట్ ద టికెట్' అంటే బీ ఫారం చేతికొచ్చిందని. అదే మాట అమెరికా వాళ్లకు చెప్తే, బస్సుకా సినిమాకా అంటారు.

కన్సెషన్ కూడా అలాంటిదే. 'హిల్లరీస్ కన్సెషన్ స్పీచ్' అనగానే బస్ పాస్ ఉన్న పిల్లలంతా నవ్వారు. రాయితీ మీద ఉపన్యాసమా అని. ఓటమి ఒప్పుకుంటూ చేసే ప్రసంగం అది. ఎన్నికల రాత్రి ట్రంప్‌కు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున న్యూయార్క్‌లో మాట్లాడింది. మన నాయకులు 'ప్రజాతీర్పును శిరసావహిస్తున్నాం' అనేది దానికి దగ్గరే గానీ, మనవాళ్లు గెలిచినవాడి పేరు ఎత్తడం అరుదు. అక్కడ గెలిచినవాడికి శుభాకాంక్షలు చెప్పకపోతే అది కన్సెషన్ స్పీచ్ అనిపించుకోదు.

కల్వకుర్తి నుంచి:

సార్, మీరు ట్రంప్ అంటున్నారు గానీ ఆ రోజు ఇక్కడ ట్రంప్‌ను పట్టించుకున్నదెవరు? నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి 500, 1000 నోట్ల రద్దు. తెల్లారి బ్యాంకులు బంద్, ఏటీఎంలు బంద్. ఆయన గెలుపు ఖాయమయ్యేసరికి మనకు మధ్యాహ్నం ఒంటిగంట. టీవీ నిండా నోట్లు, కింద స్క్రోలింగ్‌లో అమెరికా. ఆ వారం మా ఊళ్లో బడికి పోనోళ్లు కూడా నేర్చుకున్న ఇంగ్లిష్ పదం డీమానిటైజేషన్. ఏ సారూ చెప్పలేదు.

నల్గొండ సారు:

ఒప్పుకుంటా. అవసరం పడితే అంత పెద్ద మాటకు కూడా నోరు తిరుగుతుంది.

మీరు ఒంటిగంట అన్నారు కాబట్టి ఇంకొకటి. అప్పటికి లెక్కింపు పూర్తి కాలేదు, అధికారిక ప్రకటనా లేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 'కాల్డ్ ద రేస్'. అంటే ఇక ఫలానా ఆయనే గెలిచినట్టు అని తేల్చి చెప్పింది. దీనికి నాకు తెలుగు దొరకలేదు. మన దగ్గర ఆ పద్ధతే లేదు మరి. టీవీలు 'ఆధిక్యంలో' అంటాయి గానీ, రిటర్నింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఏజెంట్లు కౌంటింగ్ హాల్ వదలరు.

నకిరేకల్ నుంచి:

'డౌన్ బ్యాలట్' అంటే ఏంది సార్? వెనకబడిన ఓట్లా?

నల్గొండ సారు:

కాదు. వాళ్ల బ్యాలట్ మీద పైన అధ్యక్ష పదవి ఉంటుంది, కింద సెనేట్, గవర్నర్, కొన్నిచోట్ల జడ్జీల దాకా వరుసగా ఉంటాయి. ఆ కింది పదవులు డౌన్ బ్యాలట్. ఒక్క కాగితం మీద బోలెడు పదవులు. మనం అందుకు పూర్తిగా ఉల్టా చేసినవాళ్లం. 1996లో నల్గొండ లోక్‌సభ ఒక్క సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని వేసిన నామినేషన్లు అవి. ఎన్నిక వాయిదా వేసి, బ్యాలట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది.

'నిలబడ్డారు' అన్నాను చూశారా, బ్రిటిష్ వాళ్లూ ఎన్నికల్లో 'స్టాండ్' అవుతారు. అమెరికా వాళ్లు 'రన్' చేస్తారు. మన తెలుగు ఈ విషయంలో లండన్ పక్షం.

వనపర్తి నుంచి, రిటైర్డ్ ఉద్యోగి:

అమెరికా దాకా ఎందుకండీ? అప్‌సెట్ అంటే మాకు 1969 ఆగస్టు నాటి మన రాష్ట్రపతి ఎన్నికే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇండిపెండెంట్‌గా వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపుకు కావాల్సిన కోటా ఎవరికీ అందక రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చి గిరి బయటపడ్డారు. దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డికే పోయాయి గమనించండి, అయినా అందుకోలేకపోయారు. పార్టీ అభ్యర్థి అని చూడకుండా మనస్సాక్షి ప్రకారం ఓటేయమన్న ఇందిరాగాంధీ 'వోట్ ఆఫ్ కాన్షెన్స్' పిలుపు అప్పటిదే. 'ఆత్మప్రబోధం' అన్న మాట జనం నోట్లో పడింది కూడా అప్పుడే.

నల్గొండ సారు:

అయ్యా, దండం. వచ్చే పాఠం ఇదే పెడతాను. ఒక్క భయమల్లా, 'కాన్షెన్స్' స్పెల్లింగ్ చూసి పిల్లలు కచ్చితంగా 'కన్‌సైన్స్' అని చదువుతారు.

దేవరకొండ టీచరమ్మ:

చదవనివ్వండి సార్, ఆ స్పెల్లింగ్ అయినా గుర్తుంటుంది. కానీ 'ఆత్మప్రబోధం'తో నాకు పేచీ ఉంది. 'అంతరాత్మ ప్రబోధం' అని కూడా రాస్తారు కదా, రెండిట్లో ముందు ఏది వచ్చింది? వనపర్తి పెద్దాయన దగ్గర పాత పేపర్ కటింగులేమైనా ఉంటే ఇక్కడ పెట్టండి.