కళ్ళజోళ్ళ కోసం మంత్రి పదవి వదిలేసిన అనైరిన్ బెవన్: అది మొండితనమేనా?

శ్రీలత, న్యూపోర్ట్:

అందరికీ నమస్కారం. నేను స్టాఫ్ నర్సుగా వేల్స్ వచ్చి పద్నాలుగు నెలలైంది. మా హెల్త్ బోర్డు పేరే అనైరిన్ బెవన్. ఎన్‌హెచ్‌ఎస్ (అందరికీ ఉచితంగా వైద్యం ఇచ్చే ప్రభుత్వ సర్వీస్) పెట్టిన ఆరోగ్య మంత్రి అనీ, లేబర్ పార్టీలో లెఫ్ట్ వర్గం నాయకుడనీ మాత్రం తెలుసు. మొన్న నైట్ డ్యూటీలో టీ తాగుతుంటే ఒక సీనియర్ అన్నారు: "గొప్పవాడే గానీ మహా మొండి. కళ్ళజోళ్ళకీ కట్టుడు పళ్ళకీ డబ్బులు తీసుకుంటామన్నారని పదవి వదిలేశాడు. పార్టీ చీలింది, పదమూడేళ్ళు అధికారం లేకుండా పోయింది." అప్పటి నుంచీ నా మనసులో అదే తిరుగుతోంది. అంత పెద్ద పని చేసిన మనిషి ఇంత చిన్నదానికి వదిలేస్తాడా? తెలిసినవాళ్ళు చెప్పరూ.

రవి, లీడ్స్:

మీ సీనియర్ చెప్పింది చాలావరకు నిజమేనండి. 1951 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి గైట్‌స్కెల్ బడ్జెట్ పెట్టాడు. కొరియా యుద్ధం నడుస్తోంది. మూడేళ్ళలో ఆయుధాల మీద 470 కోట్ల పౌండ్లు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సర్దుబాటులో భాగంగా జోళ్ళకీ పళ్ళ సెట్లకీ సగం ఖర్చు జనం కట్టాలన్నారు. మొదటి ఏడాది దాని వల్ల మిగిలేది కోటీ ముప్పై లక్షల పౌండ్లు. బెవన్ రాజీనామా చేశాడు. ఆయన వెంట మంత్రులు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ కూడా బయటికొచ్చారు.

కానీ నా ఉద్దేశంలో అసలు మంట వేరే. గైట్‌స్కెల్ ఆయన కంటే చిన్నవాడు, పార్లమెంటుకి వచ్చిందే 1945లో. బెవన్ 1929 నుంచీ ఎంపీ. అలాంటిది ఆర్థిక శాఖ ఆ కుర్రాడికి దక్కింది. పైగా మందుల చీటీకి ఒక షిల్లింగ్ వసూలు చేసేందుకు వీలిచ్చిన చట్టం 1949లో వచ్చింది, అప్పుడు ఆరోగ్య మంత్రి బెవనే! ఇప్పుడు సిద్ధాంతం అంటే ఎలా?

రిటైర్డ్ జీపీ (సొంతూరు తెనాలి దగ్గర):

అమ్మా శ్రీలతా, నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1976 నుంచి 2009 దాకా బెవన్ సొంతూరు ట్రెడీగర్ ఉన్న సౌత్ వేల్స్ బొగ్గు గనుల వ్యాలీల్లోనే జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పనిచేశాను. ఆ వ్యాలీల్లో ప్రాక్టీసు పెట్టడానికి ఇక్కడి డాక్టర్లు పెద్దగా ఇష్టపడేవారు కాదు. అందుకే అప్పట్లో ఏ సర్జరీ (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలా అంటారు) తలుపు తీసినా మనవాళ్ళో, పాకిస్తాన్ వాళ్ళో కుర్చీలో ఉండేవారు. నా పేషెంట్లలో బెవన్ మీటింగులకి వెళ్ళినవాళ్ళు బోలెడు మంది. వాళ్ళు బెవన్ అని కూడా అనరు, "నై" అంటారు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు.

ముందు కళ్ళజోడు సంగతి. ఒక పెద్దావిడ బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా కాసేపు కబుర్లు చెప్పేది. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ రాకముందు జోడు కావాలంటే షాపులో కౌంటర్ మీద కుప్పగా పోసిన వాటిలో ఒక్కోటీ పెట్టుకుని చూసి, కాస్త నయమనిపించింది కొనుక్కోవడమేనట. పరీక్ష లేదు, నంబరు లేదు. ఆవిడా వాళ్ళమ్మా కలిసి ఒకే జోడుతో ఏళ్ళు గడిపారు. పగలు అమ్మ కుట్టుపనికి, రాత్రి ఈవిడ చదువుకి. పళ్ళ సంగతి ఇంకా ఘోరం. పెళ్ళికి ముందే ఆడపిల్లకి పళ్ళన్నీ పీకించి సెట్టు పెట్టించేవారు, రేపు మొగుడికి ఆ ఖర్చు తగలకూడదని. ఇరవై ఏళ్ళ పిల్లకి! అలాంటి ముసలమ్మల నోళ్ళు నేను నా చేత్తో చూశాను. చిన్న విషయం అంటున్నావు కదమ్మా, వాళ్ళకి అది చిన్నది కాదు.

ఇక బెవన్ ఇంటి సంగతి. 1897లో ట్రెడీగర్‌లో గని కార్మికుడి కొడుకుగా పుట్టాడు, పదిమంది పిల్లలు. పదమూడేళ్ళకే బడి మాని బొగ్గు గనిలోకి దిగాడు. నత్తి ఉండేది. కార్మికుల లైబ్రరీలో పుస్తకాలు చదివి, నోరు తిరగని మాట వస్తే దాని బదులు ఇంకో మాట వెతుక్కుని, ఆ దేశంలోనే పేరుమోసిన వక్త అయ్యాడు. 1925లో వాళ్ళ నాన్న ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి పేరుకుని, కొడుకు చేతుల్లోనే ప్రాణం వదిలాడు. పరిహారం ఒక్క పెన్నీ రాలేదు, ఆ జబ్బు అప్పటికి లిస్టులో లేదు కాబట్టి.

ఆ జబ్బు నేను ముప్పై ఏళ్ళు చూశాను. "డస్ట్" అంటారు అక్కడ, అంతే. మెట్లెక్కలేరు కాబట్టి మంచం కింది ముందుగదిలో కిటికీ పక్కన వేస్తారు. పక్కన ఆక్సిజన్ సిలిండర్. పడుకుంటే ఊపిరాడదు, దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్ర. చేతుల మీద, నుదుటి మీద నీలం గీతలుంటాయి, గాయంలో బొగ్గు ఉండిపోయి పైన చర్మం మానిపోయిన గుర్తులు. ఆ చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే బెవన్ ఎందుకలా మాట్లాడేవాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ట్రెడీగర్‌లో మెడికల్ ఎయిడ్ సొసైటీ అని ఉండేది. కార్మికులు జీతంలో పౌండుకి మూడు పెన్నీలు ఇచ్చేవారు, దాంతో డాక్టర్లనీ మందుల షాపునీ వాళ్ళే నడుపుకున్నారు. ఊళ్ళో దాదాపు అందరూ అందులోకి వచ్చారు. డబ్బు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఇస్తావు, జబ్బు పడ్డ రోజు ఎవరి ముందూ చెయ్యి చాచవు. ఊరి హాస్పిటల్ కమిటీలో పనిచేసిన బెవన్ ఇదే పద్ధతిని దేశమంతటికీ తెచ్చాడు. 1948 జూలై 5న.

మొండి అంటారా? మొండివాడైతే ఎన్‌హెచ్‌ఎస్ వచ్చేదే కాదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో డాక్టర్ల సంఘం ఓటింగ్ పెడితే పదిమందిలో తొమ్మిది మంది వద్దన్నారు. ఆయన వాళ్ళతో కూర్చున్నాడు. పెద్ద డాక్టర్లకి ప్రభుత్వ ఆసుపత్రిలోనే ప్రైవేటు బెడ్లు ఒప్పుకున్నాడు, జీపీలని జీతగాళ్ళని చెయ్యనన్నాడు. సోషలిస్టుకి ఇవి మింగుడుపడని ముద్దలు. అయినా మింగాడు. పేషెంటు దగ్గర డబ్బు తీసుకోవడం దగ్గర మాత్రం మింగలేదు.

రవి బాబూ, నువ్వన్న 1949 చట్టం నిజమే. చేసిన మాటా నిజమే, ఆయన ఉన్నన్నాళ్ళూ అమలు కాకుండా అడ్డుపడ్డ మాటా నిజమే. గైట్‌స్కెల్ మీద కోపం లేదనను. ఆ రోజుల్లో పార్టీ మీటింగులో "నా హెల్త్ సర్వీస్" అని కేకలేశాడని చెప్తారు. అది బాగాలేదు, నాకూ నచ్చదు. కానీ డబ్బు లెక్క ఆయనదే నెగ్గింది. అంత ఆయుధ ఖర్చు దేశం చెయ్యలేదని ఆయన అన్నాడు. 1951 చివర్లోనే, కొత్తగా ప్రధాని అయిన చర్చిల్ ఆ ప్లాను వెనక్కి జరుపుతూ, ఈ విషయంలో బెవన్ చెప్పింది సరైందని పార్లమెంటులోనే ఒప్పుకున్నాడు. జన్మలో బెవన్‌ని మెచ్చుకోని మనిషి!

రవి, లీడ్స్:

చర్చిల్ విషయం నాకు తెలీదు, థాంక్స్ సర్. లెక్క సంగతి ఒప్పుకుంటాను. పార్టీకి జరిగిన నష్టం విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. ఆ అక్టోబరు ఎన్నికల్లో లేబర్‌కి కన్సర్వేటివ్‌ల కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, అయినా ఓడిపోయింది. అంత దగ్గర పోటీలో ఇంట్లో గొడవ అవసరమా? 1957లో బ్రైటన్ సభలో అణుబాంబు వదులుకోవద్దని మాట్లాడి, తన వెనక ఉన్నవాళ్ళనే ఏడిపించాడు. అది సిద్ధాంతమా, రాజీయా?

రిటైర్డ్ జీపీ:

గొడవ అవసరమా అంటే, ఓట్ల లెక్కలో నీదే రైటు కావచ్చు. అయితే ఇంకోటి కూడా చూడు. ఆయనతో పాటు బయటికొచ్చిన విల్సన్ ప్రధాని అయ్యాక 1965లో మందుల చార్జీ తీసేశాడు, 1968లో మళ్ళీ పెట్టాడు. గేటు ఒకసారి తెరిస్తే మూయడం అంత కష్టం. ఇంగ్లండులో ఇప్పటికీ కడుతున్నారు. వేల్స్‌లో 2007లో తీసేశారు. ఆ ఏప్రిల్ ఒకటిన చీటీ రాసి ఇస్తే, మా సర్జరీలో ఒక ముసలాయన దాన్ని వెంటనే జేబులో పెట్టుకోలేదు, అలా చూస్తూ కూర్చున్నాడు.

బ్రైటన్ గురించి నాకూ బాధే. ఆయనకి అది రాజీగానే అనిపించి ఉండాలి. మూడేళ్ళకే, 1960లో కడుపు క్యాన్సర్‌తో పోయాడు, అరవై రెండేళ్ళకి.

శ్రీలత, న్యూపోర్ట్:

డాక్టర్ గారూ, రవి గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్. నైట్ డ్యూటీలో ముందుగా ఆ సీనియర్‌కే చదివి వినిపించాను. ఆయన తాతగారు కూడా గనిలో పనిచేశారట, నాకిన్నాళ్ళూ చెప్పలేదు. ఆ నీలం గీతల మాట వినగానే ఫోన్ తీసి తాతగారి ఫోటో చూపించారు. ఈ ఆదివారం నాకు ఆఫ్. ట్రెడీగర్ వైపు ఏం చూడొచ్చు సర్?

రిటైర్డ్ జీపీ:

వాన్-ఎ-పౌండ్ వెళ్ళమ్మా. న్యూపోర్ట్ నుంచి ఎబూ వేల్‌కి ఇప్పుడు రైలుంది, అక్కడి నుంచి కొండ మీదికి వెళ్ళాలి. నాలుగు పెద్ద రాళ్ళు నిలబెట్టి ఉంటాయి, మధ్యది బెవన్‌ది, మిగతా మూడూ ఆయన నియోజకవర్గంలోని మూడు ఊళ్ళవి. అక్కడే నిలబడి జనంతో మాట్లాడేవాడు. మంచి కోటు వేసుకో, ఎండాకాలంలో కూడా గాలి ఈడ్చి కొడుతుంది. వీలైతే ఆ సీనియర్‌ని కూడా తీసుకెళ్ళు.