అప్‌డేట్: టీ20 మేనేజర్ గేమ్‌లో వ్యూహానికి విలువ తేవడం గురించి

కొత్తగా చూసేవాళ్ల కోసం: నేను తయారుచేస్తున్న టీ20 మేనేజర్ గేమ్‌లో ఎప్పుడూ రేటింగ్ ఎక్కువున్న టీమే గెలుస్తోంది, కెప్టెన్సీ పేరుకే ఉంది, ఏం చేయాలని అడిగాను. చాలామంది ఆప్షన్లు పెంచమన్నారు. ఒకరు మాత్రం ఉన్నవాటికే ఖరీదు పెట్టమన్నారు, అంటే ఒకటి ఎంచుకుంటే ఇంకోటి వదులుకోవాల్సి రావాలి. అదే పనిచేసింది.

ఆ ఖరీదు క్రికెట్ నిబంధనల్లోనే ఉంది. ఒక బౌలర్‌కి 4 ఓవర్లే. మొదటి 6 ఓవర్లలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు. మరి మంచి పేసర్‌ని అప్పుడే వికెట్ కోసం వాడేయాలా, 19వ ఓవర్‌కి దాచుకోవాలా? పాత వెర్షన్‌లో ఈ ప్రశ్నే రాదు, ఎందుకంటే బౌలర్ ఏ ఓవర్ వేసినా రేటింగ్ ఒకటే. ఇప్పుడు బంతి కొత్తదా పాతదా, మంచు పడుతోందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. తడి బంతితో స్పిన్నర్‌కి గ్రిప్ దొరకదు కాబట్టి టాస్ గెలిచినా టెన్షనే.

ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ (మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు ఇంకొకరిని దించడం) పెట్టి చూసి తీసేశాను. ఐపీఎల్‌లో 2023 నుంచి ఉంది, నిజమే. కానీ అదనపు బ్యాటరా, ఆరో బౌలరా అన్న తలనొప్పే పోతోంది, నాకు కావలసిందే ఆ తలనొప్పి! ఆల్‌రౌండర్లకీ విలువ తగ్గింది. రోహిత్ శర్మ ఆ రూల్ నచ్చలేదన్నది కూడా అందుకేగా.

ఇక మిగిలింది కంప్యూటర్ కెప్టెన్. ఎడమచేతి బ్యాటర్ కుదురుకుని ఆడుతున్నా ఎడమచేతి స్పిన్నర్‌కే బంతి ఇస్తున్నాడు, మామూలుగా అది ఆ బ్యాటర్‌కే తేలిక. దీనికి ఐడియా ఉంటే చెప్పండి.