అప్‌డేట్: అప్పు చేసి ఫిజిక్స్ డిగ్రీ చదవాలా అని అడిగాను కదా, తేలింది

అప్పు చేసి పేరున్న కాలేజీలో చేరాలా, తక్కువ ఫీజున్న చోట చేరాలా అన్నదే నా ప్రశ్న. రెండోదాంట్లో చేరిపోయాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

‘చదివే మూడేళ్ల వడ్డీ కూడా లెక్కేయండి’ అన్న మాటే తేల్చేసింది. 10 శాతం చొప్పున ఆ వడ్డీ అసలులో కలిస్తే 100 కాస్తా 130 అవుతుంది. దాన్ని 10 ఏళ్ల నెలవాయిదాల్లో తీరిస్తే కట్టేది దాదాపు 206. నమ్మలేక రెండుసార్లు లెక్క వేశాను! బ్యాంకులో చెప్పిన వాయిదాలో ఆ మూడేళ్ల ఊసే లేదు.

నేను టెన్షన్ పడ్డ, చదివి బయటికొచ్చినవాళ్ల సగటు జీతం అంకె మాత్రం దేనికీ పనికిరాలేదు. కొద్దిమంది పెద్ద జీతాలే దాన్ని పైకి లాగేస్తాయి. మధ్యస్థ జీతం, అంటే అందరి జీతాలూ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, ఎంతని అడిగితే జవాబు లేదు. ఇక కోడింగ్, స్టాటిస్టిక్స్ అంటారా, అవి రెండు కాలేజీల్లోనూ ఉన్నాయి, ఆ విషయంలో తేడా లేదు.