చెంచు పిల్లలకు ట్రైనింగ్ వాళ్ల పెద్దోళ్లే ఇస్తే?

అచ్చంపేట_పోరడు: మన్ననూర్ దగ్గరి పెంటల్లో (చెంచుల చిన్న గూడేల్లో) పదో తరగతి అయిన మా తమ్ముళ్లు ఖాళీగా ఉన్నారు. ఎవరో వస్తారు, డ్రైవింగో కుట్టుమిషనో నేర్పి పోతారు, చేతిలో సర్టిఫికెట్ మిగులుతుంది. అడవి తెలిసిన తాతలే గురువులుగా ట్రైనింగ్ పెడితే పని దొరుకుతుందా?

నల్లమల_గాలి: ఎందుకు దొరకదు తమ్మీ? అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వాచర్లుగా చెంచులను పెట్టుకున్నది అడుగుజాడ చూసి ఏ జంతువో, ఎటు పోయిందో చెప్తారనే కదా, అది ఏ క్లాసులో నేర్పుతారు?

దేవరకొండ_అక్క: తేనె సంగతి చూడండి. కొండ అంచున తాడు మీద దిగేవాడికి పైన తాడు పట్టేది బావమరిదే అంటారు పెద్దలు, అక్క బతుకు పాడు చేసుకోడు కాబట్టి (ఇంతకు మించిన సేఫ్టీ రూల్ ఉందా!). పొగ పెట్టడం, తేనెపట్టు కొంత వదలడం తాత నేర్పుతాడు. కానీ తేమ 20 శాతం దాటకుండా చూడటం, వడకట్టడం, రేటు కట్టడం బయటివాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

పాలమూరు_మాస్టర్: వన్ ధన్ కేంద్రానికి (అడవి సరుకును శుభ్రం చేసి అమ్మే గిరిజనుల కేంద్రం) చాలామంది సభ్యులు కావాలి, చిన్న పెంటలు కొన్ని కలవాలి. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, జిగురు మీద హక్కు ఇచ్చింది, గ్రామసభ తీర్మానంతో మొదలుపెట్టండి. నేర్పే తాతకు మాత్రం రోజు కూలి ఇవ్వాలి, ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?

అచ్చంపేట_పోరడు: కూలి ఎవరిస్తారు సార్, ఐటీడీఏలో (గిరిజనుల అభివృద్ధి చూసే సర్కారు సంస్థ) అడగొచ్చా?